'భవానీ జంక్షన్' సొరంగంలో భువనగిరి వాడు

ఇంగ్లీషు సినిమాలు చూసే అలవాటున్న పాఠకుల్ని ఒక ప్రశ్న అడుగుతాను. 'భవానీ జంక్షన్' చూశారా? 1956లో వచ్చిన చిత్రం. తెర మీద మెట్రో గోల్డ్‌విన్ మేయర్ వారి సింహం గర్జించాక ఇక అంతా మన దేశమే. రైల్వే స్టేషను, ప్లాట్‌ఫారం మీద ఇసక వేస్తే రాలని జనం, ఖాకీ యూనిఫారాల దొరలు, వాళ్ళ మధ్యలో అవా గార్డనర్! ఆవిడ వేసింది ఆంగ్లో ఇండియన్ పిల్ల వేషం. ఇటు మనవాళ్ళలోనూ కలవలేక, అటు దొరల్లోనూ చేరలేక నలిగిపోయే విక్టోరియా జోన్స్. అందం సంగతి నేను చెప్పనక్కర్లేదు. చూసినవాళ్ళు మరిచిపోరు, చూడనివాళ్ళు చెబితే నమ్మరు.

సరే, క్లైమాక్సుకి వద్దాం. దవే అనే విలన్ ఒక సొరంగంలో డైనమైటు పెడతాడు. రాబోయే రైలులో ఉన్నది ఎవరనుకున్నారు? మహాత్మాగాంధీ! చీకటి, పట్టాలు, పరుగులు, తుపాకీ చప్పుళ్ళు. విక్టోరియాని చిన్నప్పట్నుంచి ప్రేమిస్తున్న పాట్రిక్ ప్రాణాలు పోగొట్టుకుంటాడు. కల్నల్ సావేజ్ వేషంలో స్టూవర్ట్ గ్రేంజర్ విలన్‌ని కాల్చేస్తాడు. రైలు క్షేమంగా వెళ్ళిపోతుంది. ప్రేక్షకుడు కుర్చీలో వెనక్కి వాలతాడు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ సొరంగం మన దేశంలో లేదు. సినిమాలో చాలా భాగం తీసిన లాహోరులోనూ లేదు. అసలది రైలు సొరంగమే కాదు! లండను నడిబొడ్డున, కింగ్స్‌వే అనే పెద్ద వీధి కింద, పాడుపడిపోయిన ట్రాం సొరంగం అది. చివరి ట్రాం వెళ్ళిపోయి మూడేళ్ళయ్యాక కెమేరాలు, లైట్లు పట్టుకుని సినిమావాళ్ళు అందులోకి దిగారు.

ఈ సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే పురుగు. దాన్ని చూడాలి!

ఎందుకంత పట్టుదల అంటారా? మాది భువనగిరి. మా ఊళ్ళో పుట్టినవాడికి సొరంగం పిచ్చి ఉగ్గుపాలతోనే అంటుకుంటుంది. ఊరి నెత్తి మీద 500 అడుగులు దాటిన ఏకశిల. దాని మీద చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కిల్లా. ఆయన పేరు మీదే త్రిభువనగిరి, అదే భువనగిరి అయిందంటారు. ఆ కిల్లాలోంచి గోలకొండ దాకా భూమి కింద దారి ఉందని మా ఊళ్ళో ప్రతి ముసలాయనా చెబుతాడు. లోపలికి పోయినవాడు తిరిగి రాలేదని కూడా చేరుస్తాడు. చిన్నప్పుడు గుట్టెక్కినప్పుడల్లా బండల సందుల్లో తల దూర్చి చూడటమే మా పని. గబ్బిలాలు తప్ప గోలకొండ కనబడలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మా ఊరి స్టేషను సికింద్రాబాదు-కాజీపేట లైను మీద ఉంది. లాలాగూడ, కాజీపేట రైల్వే కాలనీల్లో ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఎంతమంది ఉండేవారో పాతవాళ్ళనడగండి. 'భవానీ జంక్షన్' కథ అలాంటి వాళ్ళదే. అందుకే ఆ సినిమా చూస్తున్నప్పుడు నాకు హాలీవుడ్ చూస్తున్నట్టు అనిపించలేదు, మా లైను మీదే ఎక్కడో జరుగుతున్నట్టు అనిపించింది. నేను చూసింది థియేటర్లో కాదు లెండి, ఇంట్లో టీవీలో. అయినా అంతే.

రోడ్డు మధ్యలో నోరు తెరుచుకుని...

నా మేనల్లుడొకడు లండనులో చదువుకుంటున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు అందరూ చూసే బకింగ్‌హాం ప్యాలెస్సు, పెద్ద గడియారం అయ్యాక, "ఇంక నీకేం జూపియ్యాల్నే మామా?" అన్నాడు.

"ట్రాం సొరంగం" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మనూరి కిల్లల దొర్కలేదని గిక్కడ దేవులాడుతున్నవా?"

లండను ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వాళ్ళు ఇటీవలి సంవత్సరాల్లో ఈ సొరంగంలోకి జనాన్ని చిన్న చిన్న జట్లుగా తీసుకువెళ్ళి చూపించడం మొదలుపెట్టారు. ముందే టిక్కెట్టు తీసుకోవాలి. ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. మావాడు కంప్యూటరు ముందు కూర్చుని, హిట్ సినిమాకి మొదటి రోజు టిక్కెట్లు సంపాదించినంత అవస్థ పడి రెండు సంపాదించాడు.

హోబర్న్ స్టేషనులో దిగి సౌతాంప్టన్ రో అనే వీధిలో నడిస్తే, రోడ్డుకి సరిగ్గా మధ్యలో ఇనప కటకటాల దడి కనిపిస్తుంది. అటూ ఇటూ ఎర్ర బస్సులు దూసుకుపోతుంటాయి. ఆ జనంలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. దడి మీంచి తొంగి చూస్తే కిందికి జారిపోతున్న రాతి బాట, దాని మీద రెండు జతల పట్టాలు! 1952లో ఎలా వదిలేశారో అలాగే ఉన్నాయి. ఆ వాలు మామూలు వాలు కాదు, పది అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు కిందికి. రైలయితే ఇలాంటి వాలు కలలో కూడా ఎక్కదు. వానపడి పట్టాలు తడిసిన రోజున నిండు ట్రాంని ఇక్కడ పైకి ఎక్కించిన డ్రైవరుకి దండం పెట్టాలి.

గేటు తాళం తీశారు. దిగాం.

ఇక్కడ కొంచెం ఆగి ఈ పట్టాల సంగతి చెప్పాలి. ఎందుకంటే నేను మొదట చూసింది సొరంగాన్ని కాదు, పట్టాలనే. ప్రతి జత పట్టాల మధ్యన ఇంకో సన్నని చీలిక ఉంది. మేనల్లుడు వంగి చూసి, "నడుమ గిదేంది మామా? మూడో పట్టానా?" అన్నాడు. పట్టా కాదు. ట్రాంకి ప్రాణం అందించేది అదే!

మనకి కలకత్తా ట్రాములు తెలుసు. నెత్తిన తీగె, తీగెకి తగిలే ఇనప చెయ్యి. లండను నగరం నడిబొడ్డులో మాత్రం ఆ తీగెలు వీధి అందం చెడగొడతాయని ఒప్పుకోలేదు. అందుకని కరెంటుని రోడ్డు కింద దాచారు. చీలిక కింద చిన్న కాలువలాంటిది, దాని లోపల రెండు వైపులా కరెంటు పారే ఇనప పట్టీలు. ట్రాం అడుగునుంచి ఒక పలక ఆ చీలికలోంచి దిగి, పట్టీలని రాసుకుంటూ కరెంటు తీసుకుని మోటారుకి అందిస్తుంది. ఆ పలకకి వాళ్ళు పెట్టిన పేరేమిటో తెలుసా? నాగలి! నిజంగానే, ఇంగ్లీషులో నాగలికి ఏ మాట ఉందో అదే మాట. భూమిలో చాలు తీస్తూ పోతుంది గనక నాగలి. ఊరి బయట తీగెలున్న చోటికి చేరాక నాగలి తీసేసేవారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక మనిషి పొడుగాటి పంగలకర్ర లాంటిది పట్టుకుని నిలబడి, ట్రాం అడుగున మళ్ళీ నాగలి తగిలించేవాడు. పొద్దుట్నుంచి రాత్రి దాకా అదే అతని ఉద్యోగం. మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నాగలి కట్టేవాడికి, లండను మహానగరంలో నాగలి కట్టేవాడికి చుట్టరికం ఉందని అప్పుడే తెలిసింది.

మద్రాసు ముందు, లండను వెనక

ఇది చదివి, దొరలకి ఎంత తెలివి అనుకోకండి. ఈ నాగలి ట్రాం లండను కౌంటీ వారి పట్టాల మీద నడిచింది 1903లో. మన మద్రాసులో 1895 మే 7నే నడిచింది! దేశంలో మొట్టమొదటి కరెంటు ట్రాం మద్రాసుదే. అదీ మొదట్లో ఇలాగే రోడ్డు కింద కరెంటుతో. ఆనాడు లండను వీధుల్లో ట్రాంలని ఇంకా గుర్రాలే లాగుతున్నాయి. అయితే మద్రాసు వానల సంగతి తెలిసిందేగా. కాలువ నిండా నీళ్ళు నిలిస్తే కరెంటు ఎక్కడ ఆడుతుంది? తరవాత తీగెలకే మారారు.

మన తెలుగు సినిమావాళ్ళంతా బెజవాడ, గుంటూరు, ఏలూరు నుంచి రైలెక్కి వేషాల కోసం దిగిన మద్రాసు ఆ ట్రాంల మద్రాసే. 1953 ఏప్రిల్లో కంపెనీ నష్టాల్లో మునిగి ట్రాంలు ఆగిపోయాయి. లండనులో ఆఖరి ట్రాం 1952 జులైలో ఆగింది. ఏడాది తిరక్కముందే మద్రాసుదీ అదే దారి. డ్రైవర్లు, కండక్టర్లు, షెడ్డులో కూలీలు రోడ్డున పడ్డారు. పట్టాలు తారు కిందికి పోయాయి. ఈవేళ మౌంటు రోడ్డు మీద నిలబడి, ఇక్కడ ట్రాం నడిచిందంటే కుర్రాళ్ళు నవ్వుతారు. చూపించడానికి ఏముంది? ఆ రోజుల్లో మద్రాసు వీధుల్లో తీసిన సినిమా ముక్కల్లో ఎక్కడైనా వెనక ట్రాం పోతూ కనిపిస్తే అదే మిగిలింది. తెరమీద హీరో హీరోయిన్లనే చూడకుండా వాళ్ళ వెనక ఏం పోతోందో కూడా చూడండని నేను మిత్రులతో పోరేది ఇందుకే.

లండను ట్రాం మిగిలిందంటే వాళ్ళకి మనకంటే జాలి ఎక్కువై కాదు. వీధిలో పట్టాలైతే వాళ్ళూ పీకి పారేశారు. నేల కింద సొరంగాన్ని పీకడం ఎలా?

మేడ ట్రాం కోసం నేల తవ్వారు

లోపలికి వెళుతుంటే మొదట చల్లగాలి. తరవాత పాత ఇనుము వాసన, తడిసిన దుమ్ము వాసన. గట్టి బూట్లు వేసుకురమ్మని ఎందుకన్నారో పది అడుగులు వేసేసరికి తెలిసింది. రాళ్ళు నునుపుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నెత్తిమీద బస్సులు పోయినప్పుడల్లా దడదడమని మోత. ఎక్కడో సినిమా హాల్లో పక్క షో నడుస్తుంటే గోడకి ఇవతల వినిపిస్తుంది చూడండి, అలాంటి మోత.

కింగ్స్‌వే అనే వీధిని 1905లో ఏడో ఎడ్వర్డు రాజుగారు తెరిచారు. ఇరుకు సందులు, పేదల ఇళ్ళు కొట్టేసి వేసిన రాజవీధి అది. అక్కడుండే పేదవాళ్ళు ఎక్కడికి పోయారని రాజవీధులు అడగవు లెండి, ఏ దేశంలోనైనా. ఎలాగూ తవ్వుతున్నాం కదా అని వీధితోపాటే కింద సొరంగం కట్టారు. లండనుకి ఉత్తరాన ట్రాం లైన్లున్నాయి, దక్షిణాన ఉన్నాయి, మధ్యలో రెండింటినీ కలిపే దారి లేదు. ఈ సొరంగం కలిపింది. 1906 ఫిబ్రవరి 24న మొదటి ట్రాం నడిచింది. 1908లో థేమ్సు నది ఒడ్డు దాకా పొడిగించారు. మొత్తం పొడుగు సుమారు ముప్పావు మైలు. మధ్యలో నేల కిందే రెండు స్టేషన్లు, హోబర్న్ ఒకటి, ఆల్డ్‌విచ్ ఒకటి.

నిప్పు భయంతో ఈ సొరంగం ట్రాంలని కొయ్యతో కాకుండా లోహంతో కట్టారు. మొదట్లో ఒంటి అంతస్తువే పట్టేవి. మరి లండను అంటే మేడ బస్సు, మేడ ట్రాం. జనం పెరిగారు, ఒంటి ట్రాం చాలలేదు. అప్పుడేం చేశారంటే, 1930లో సొరంగం మూసి, పైకప్పు ఎత్తడానికి పైన వీధి అడ్డం గనక, నేలని తవ్వి లోతు చేశారు! 1931 జనవరిలో తిరిగి తెరిచేసరికి మేడ ట్రాంలు దర్జాగా దూరిపోయాయి. ఆ రోజుల నుంచీ 31, 33, 35 నంబర్ల ట్రాంలు ఇందులోంచే తిరిగాయి.

హోబర్న్ ట్రాం స్టేషనుకి చేరాం. స్టేషనంటే మన స్టేషను ఊహించుకోకండి. రెండు పట్టాల జతల మధ్యన సన్నని ప్లాట్‌ఫారం, వరసగా ఇనప స్తంభాలు, పైకి వెళ్ళే మెట్లు. ఆ మెట్లు ఒకప్పుడు నేరుగా నడివీధిలోకి తేలేవి. ఇప్పుడు పైన మూత. ప్లాట్‌ఫారం మధ్యలో ఉంది కాబట్టి జనం ట్రాంకి కుడివైపు నుంచి ఎక్కేవారు. లండను వీధుల్లో మాత్రం బస్సులకి, ట్రాంలకి ఎడంవైపు నుంచి ఎక్కాలి. ఈ చిన్న తేడా ఎంత పని చేసిందో చూడండి. లండనులో ట్రాంలు తీసేసి తీగెలతో నడిచే ట్రాలీ బస్సులు పెడుతున్న రోజుల్లో, ఈ సొరంగం కోసమని రెండు వైపులా తలుపులున్న ట్రాలీ బస్సు ఒకదాన్ని ప్రత్యేకంగా తయారుచేయించి 1939లో లోపల నడిపి చూశారు. లాభంలేదని తేలింది. దాంతో ట్రాంకి మరి కొన్నేళ్ళు ఆయుష్షు పోసినట్టయింది. యుద్ధకాలమంతా ట్రాంలు తిరిగాయి. 1952 ఏప్రిల్ 5 రాత్రి ఆఖరి ట్రాంలు ఈ వాలు ఎక్కి వెళ్ళిపోయాయి.

ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే ముందు చీకటి. గైడు టార్చి వేస్తే పట్టాలు కొంత దూరం మెరిసి మాయమయ్యాయి. మేనల్లుడు నా చెవిలో, "మామా, గాంధీతాత రైలు గీడికెల్లి వచ్చిందా?" అన్నాడు. వాడు నవ్వులాటకే అన్నాడుగాని నాకు ఒళ్ళు జలదరించింది.

సెట్టింగు కాని సెట్టింగు

దర్శకుడు జార్జి క్యూకర్ గారు సినిమాని మన దేశంలోనే తీయాలనుకున్నారు. మన ప్రభుత్వంతో పొసగలేదు. సర్కారు పెట్టిన షరతులు కంపెనీకి నచ్చలేదు, కథ తీరు సర్కారుకి నచ్చలేదు. దాంతో 1955లో యూనిట్ అంతా పాకిస్తానులోని లాహోరుకి వెళ్ళింది. లాహోరు స్టేషనే భవానీ జంక్షను అయింది. మిగతా భాగాలు ఇంగ్లండులో. సొరంగం మాత్రం స్టూడియోలో వేయలేదు, ఈ ట్రాం సొరంగాన్ని వాడుకున్నారు. ఛాయాగ్రహణం ఫ్రెడ్డీ యంగ్. తరవాత 'లారెన్స్ ఆఫ్ అరేబియా' తీసి ఆస్కారు కొట్టిన మనిషి.

పట్టాల మీద నిలబడ్డప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు. లండను ట్రాంది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అంటే తొమ్మిదిన్నర అంగుళాలు తక్కువ! దానికితోడు నడుమ ఈ నాగలి చీలిక ఒకటి. మన దేశంలో ఏ రైలు పట్టాల మధ్యా ఇలాంటి చీలిక ఉండదు. కెమేరాని ఎక్కడ పెట్టాలో, లైటు ఎక్కడ పడకూడదో యంగ్ గారు ఎంత లెక్క వేసుకుని ఉండాలి! చీకట్లో సీను తీయడమంటే చీకటిని వదిలేయడం కాదు, ఏది కనబడాలో ఎంచుకోవడం.

ఈ విషయంలో మనవాళ్ళు ఏం తక్కువ తిన్నారు? ఇదే కాలానికి నాలుగేళ్ళ ముందు, 1951లో 'పాతాళభైరవి' వచ్చింది. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి తీసుకెళ్ళిన ఆ పాతాళ గుహ ఎక్కడుంది? మద్రాసు స్టూడియో ఫ్లోరు మీద! కళాదర్శకులు గోఖలే, కళాధర్ గార్లు చెక్క, గుడ్డ, సున్నంతో పాతాళం కడితే, మార్కస్ బార్ట్లే కెమేరా దాన్ని నిజం చేసింది. బార్ట్లే గారు ఆంగ్లో ఇండియన్ అన్న సంగతి ఎంతమందికి తెలుసు? అవా గార్డనర్ ఏ జాతి పిల్లగా నటించి ప్రపంచాన్ని మెప్పించిందో ఆ జాతివాడే మన మాయలన్నీ తెరకెక్కించిన మనిషి. ఆవిడ కథలో ఆంగ్లో ఇండియన్లకి ఇక్కడ చోటు లేదు. నిజ జీవితంలో బార్ట్లే గారు 1957లో 'మాయాబజార్' తీసి తెలుగువాళ్ళ గుండెల్లో చోటు సంపాదించారు. ఏ హాలీవుడ్ రచయితకీ తట్టని ముగింపు ఇది.

నాకు మింగుడుపడని ముచ్చట

సొరంగం నచ్చింది. సినిమా మాత్రం రెండోసారి చూసినప్పుడు కొంచెం గుచ్చుకుంది. దాచుకోవడమెందుకు, చెప్పేస్తాను.

సినిమా కథాకాలం ఇంగ్లీషువాళ్ళు మూటాముల్లె సర్దుకుంటున్న రోజులు. అందులో దవే ఎవరు? కమ్యూనిస్టు! రైళ్ళు పడగొట్టేవాడు, గాంధీజీ బండికి డైనమైటు పెట్టేవాడు. సిక్కు కుర్రాడు రంజిత్ వేషం ఇంగ్లీషు నటుడు ఫ్రాన్సిస్ మాథ్యూస్‌ది, అతని తల్లి వేషం కూడా ఇంగ్లీషు నటిదే. మొహాలకి రంగు పూశారు. మన జనం వెనకాల గుంపులో మాత్రమే ఉన్నారు, అదీ లాహోరు జనం.

అదే కాలంలో మా వైపు ఏం జరుగుతోంది? 1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగింది, రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. ఆయన ఊరు మా పక్కనున్న బొల్లేపల్లే. రెండేళ్ళు తిరిగేసరికి, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టిచాకిరికి, దొరల గడీలకి ఎదురు తిరిగి నల్లగొండ, వరంగల్ పల్లెలు లేచి నిలబడ్డాయి. ఆ రోజుల్లో మా ఊరి చుట్టుపక్కల ఎర్రజెండా పట్టినవాడు ఎవరంటే, భూమి లేని రైతు, బాంచెనన్నవాడి కొడుకు. ఆ మనుషుల్ని చూసిన ముసలివాళ్ళ ఒళ్ళో పెరిగినవాణ్ణి నేను. తెర మీద దవేని చూస్తే నాకెలా ఉంటుందో ఊహించండి. ఆయన సినిమా ఆయనిష్టం, కాదనను. కానీ మన దేశాన్ని లండను ట్రాం గొట్టంలో పెట్టి చూపించినప్పుడు గొట్టానికి ఎంత పడుతుందో అంతే కనిపిస్తుంది.

దానికి జవాబు ఇరవై ఏళ్ళు దాటాక వచ్చింది. 1979లో తీసిన 'మా భూమి'. నిర్మాత బి.నరసింగరావు, దర్శకుడు బెంగాలు నుంచి వచ్చిన గౌతం ఘోష్. అందులో సెట్టింగులు లేవు, సొరంగాలు లేవు. తెలంగాణ పల్లె, తెలంగాణ మట్టి, ఆ మట్టి మీద నడిచిన మనుషులు. ఇంకా చూడనివాళ్ళుంటే ముందు అది చూసి, తరవాత 'భవానీ జంక్షన్' చూడండి. వరస మార్చొద్దు.

ట్రాం పోయాక...

సినిమావాళ్ళు లైట్లు ఆర్పేసి వెళ్ళిపోయాక సొరంగం ఎన్ని వేషాలు వేసిందో చెబితే మన కేరక్టరు నటులు కూడా సిగ్గుపడాలి. అంతకుముందే 1953లో ఎలిజబెత్ రాణిగారి పట్టాభిషేకం రోజుల్లో ఇందులో బస్సులు నిలిపారు. తరవాత మెషీన్ల సామాను గోడౌను అయింది. 1964 జనవరి 21న దక్షిణపు సగంలోంచి కార్లు పోయేలా దారి వేశారు. స్ట్రాండ్ అండర్‌పాస్ అంటారు. మిగిలిన ఉత్తరపు సగంలో 1970లలో వరద కాపలా కేంద్రం పెట్టారు. థేమ్సు నదికి సముద్రపు పోటు వచ్చి లండను మునిగితే ఊరిని హెచ్చరించే ఆఫీసన్నమాట. వరద వస్తే తప్పించుకోడానికి నేల కిందే ఆఫీసు పెట్టిన మహానుభావుడెవరో నాకు అర్థం కాలేదు! నదికి పెద్ద అడ్డుగేట్లు కట్టి 1984లో ప్రారంభించాక ఆ ఆఫీసు కాలం తీరింది. తరవాత మునిసిపాలిటీ వారి వీధి సామాను చేరింది. 2009లో కాన్రాడ్ షాక్రాస్ అనే శిల్పి రంగురంగుల దారాలతో తాడు పేనే పెద్ద యంత్రాన్ని ఈ పట్టాల మీద నడిపించి జనానికి చూపించాడు. ఆ తరవాత లండనుకి అడ్డంగా కొత్త రైలు సొరంగం తవ్వినప్పుడు, పైన నేల కుంగకుండా సిమెంటు ఎక్కించే పని కూడా ఇందులోంచే చేశారు. పాత సొరంగం కొత్త సొరంగానికి పురుడు పోసిందన్నమాట.

గంట తిరిగేసరికి మళ్ళీ వాలు ఎక్కి వెలుతురులోకి వచ్చాం. మేనల్లుడి బూట్ల నిండా 70 ఏళ్ళ దుమ్ము. "గోలకొండ కంటె గిదే నయ్యం మామా, తిరిగైతే వచ్చినం" అన్నాడు.

అక్కణ్ణించి కింగ్స్‌వే మీద నడుచుకుంటూ నది దాకా వెళ్ళాం. వాటర్లూ వంతెన దగ్గర, వంతెన దిగిన కార్లు ఒకటొకటిగా పాత ట్రాం దారిలోకి దూరుతున్నాయి. లోపల ఎత్తు తక్కువ గనక మేడ బస్సులకి ప్రవేశం లేదు. నేలని తవ్వి మేడ ట్రాంలు తిప్పిన చోట ఇప్పుడు మేడ బస్సు పట్టదు!

లండను వెళ్ళే పాఠకులకి ఒక మాట. టిక్కెట్టు దొరక్కపోయినా ఫరవాలేదు. సౌతాంప్టన్ రో, థియోబాల్డ్స్ రోడ్ కలిసే చోట కటకటాల దడి దగ్గర నిలబడితే వాలు, పట్టాలు, నడుమ నాగలి చీలిక పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. వెళ్ళలేనివాళ్ళు 'భవానీ జంక్షన్' పెట్టుకుని సొరంగం సీను వచ్చినప్పుడు అవా గార్డనర్‌ని కాసేపు పక్కన పెట్టి (కష్టమే!) నేల కేసి చూడండి. పట్టాల మధ్యన సన్నగా నల్లని గీతలాంటిది ఎవరికైనా కనిపిస్తే ఈ పత్రికకి ఒక కార్డు ముక్క రాయండి.